మా ఆయన కట్టిన టెండరు పెట్టె

మా ఆయనకి కోపం రాదు. ఇద్దరికీ సరిపడా నాకే వస్తుంది. అందుకే ఆయన కథ నేను చెప్పడం మంచిది. ఆయన్ని చెప్పమంటే ఎవరి తప్పూ లేకుండా, ఎవరి పేరూ రాకుండా రెండు ముక్కల్లో ముగించేసి టీ అడుగుతాడు.

పేరు జ్ఞానప్రకాశం. మాది బాపట్ల వైపు. పెళ్ళైన కొత్తలోనే హైదరాబాదు వచ్చేశాం. నేను ప్రభుత్వ దవాఖానాలో నర్సుని, ఆయనది హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒక్కతే కూతురు మెర్సీ, బెంగళూరులో చదువుకుంటోంది. హఫీజ్‌పేటలో మా ఫ్లాటు నుంచి స్టేషనుకి నడిచి వెళ్ళొచ్చు. అందరూ కార్లు కొనుక్కుని ట్రాఫిక్‌లో తిట్టుకుంటూ ఉంటే, ఆయన మాత్రం లోకల్ రైల్లో ఒక్క స్టేషను వెళ్ళి దిగిపోతాడు. ఆ ఒక్క స్టేషనుకీ టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఊరికి వెళ్తున్నవాడిలా కూర్చుంటాడు.

కొన్నేళ్ళుగా ఆయన కడుతున్నది ఒక టెండరు పెట్టె. మామూలు పెట్టె కాదు, దేశం మొత్తానికి ఒకటే. ప్రభుత్వ ఆఫీసులు కుర్చీలు కొనాలన్నా, దవాఖానాకి దుప్పట్లు కొనాలన్నా అమ్మేవాళ్ళని ధరలు చెప్పమని పిలుస్తాయి కదా. ఇదివరకు ఆ ధరలు సీలు వేసిన కవర్లలో తెచ్చి, ఆఫీసు వరండాలో ఇనప పెట్టెలో వేసేవాళ్ళు. ఇప్పుడు ఆ పెట్టెలన్నీ పోయి ఒకే పోర్టల్ రావాలి. ఎక్కడివాళ్ళైనా కూర్చున్నచోటి నుంచే తమ ధర వేయాలి. తెరిచే రోజు దాకా అది ఎవరి కంటా పడకూడదు. తెరిచాక అందరి ధరలూ అందరికీ కనపడాలి. మా ఆయన దాన్ని కట్టే జట్టుకి పెద్ద.

నేను కూర తిరగమోత పెడుతుంటే ల్యాప్‌టాప్ చేతుల్లో పట్టుకుని వంటింట్లోకి వచ్చేవాడు.

"సారా, తెర మీద ఇది వచ్చిందనుకో. నీకేం అర్థమవుతుంది?"

"మీకు పనీపాటా లేదని అర్థమవుతుంది."

నవ్వేసి, మళ్ళీ అడిగేవాడు. చూస్తే 'మీ అభ్యర్థన ప్రక్రియలో ఉన్నది' అని ఉండేది. దవాఖానాలో నేనిలా మాట్లాడితే రోగులు మంచాలు దిగి పారిపోతారన్నాను. మరి నువ్వైతే ఏమంటావన్నాడు. 'కాసేపు ఆగండి, మీ పని జరుగుతోంది' అంటానన్నాను. అలాగే పెట్టేశాడు. దేశం మొత్తం చూసే పోర్టల్‌లో నా మాట ఉందని వార్డులో అందరికీ చెప్పుకున్నాను, నేనేమన్నా తక్కువ తిన్నానా.

ఆ పెట్టె మీద ఆయనకంత పట్టుదల ఎందుకో నాకు తెలుసు. మొదటి ఉద్యోగంలో వాళ్ళ చిన్న కంపెనీ తరఫున కవరు పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్ళాడు. గడువులోపే వెళ్ళాడు. గుమాస్తా కాస్త కూర్చోమని బెంచీ చూపించి, తర్వాత టైమైపోయిందని పెట్టెకి తాళం వేశాడు. ఈయన ఇంకా బెంచీ మీద ఉండగానే కారొకటి వచ్చింది. పక్క తలుపులోంచి ఇంకో కవరు లోపలికి వెళ్ళింది. ఆ వేళ ఇంటికి వచ్చి అదంతా చెప్పి, అన్నం కలుపుకుని తినకుండా చెయ్యి కడిగేసుకున్నాడు. కోపం రాని మనిషి అలా చేస్తే చూడ్డం కష్టం.

అందుకే ఈ పెట్టెకి ఆయన రాసిన నియమం గట్టిది. గడువు కాగానే తలుపు పడిపోతుంది, కట్టిన ఆయనక్కూడా తెరుచుకోదు. ఒక్క మినహాయింపు. పోర్టలే సరిగ్గా పనిచేయకపోతే గడువు పెంచొచ్చు, పెంచితే అందరికీ పెంచాలి, పెంచిన కారణమూ ఆ తప్పు ఎవరిదో వాళ్ళ పేరూ మొదటి పేజీలోనే కనపడాలి.

"తన తప్పని తనే పేరు రాసుకునేవాడు ఎవడైనా ఉంటాడా అండీ?" అన్నాను.

"కష్టం కాబట్టే పెట్టాను. లేకపోతే కావలసినవాడి కోసం రోజూ గడువు పెంచుతారు" అన్నాడు.

ఇక సత్తెమ్మ సంగతి చెప్పాలి. మేం ఈ ఊరొచ్చిన కొత్తలో బోరబండలో వాళ్ళ మేడ మీద గదిలో కిరాయికి ఉన్నాం. మెర్సీ పుట్టినప్పుడు మా అమ్మ రాలేని పరిస్థితి. పిల్లకీ నాకూ నలుగు పెట్టి నీళ్ళు పోసింది సత్తెమ్మే. మేం చర్చిలో ప్రార్థనకి వెళ్ళొస్తే తన పూజ ప్రసాదం పెట్టేది, బోనాలకి పిలిస్తే నేను వెళ్ళి ఆమె వంటకి ఉల్లిపాయలు తరిగేదాన్ని. ఇప్పుడామెకి అరవై దాటాయి. ఇంటి వెనక రేకుల షెడ్డులో కుట్టుమిషన్లు వేసుకుని, బస్తీ ఆడవాళ్ళతో కలిసి దవాఖానాలకి దుప్పట్లు, రోగుల గౌన్లు కుట్టిస్తుంది.

కుట్టేది వాళ్ళే గానీ ఆర్డరు వాళ్ళది కాదు. మధ్యలో ఒక దళారి ఉన్నాడు. టెండరు అతని పేరున, పని వీళ్ళది. ఈ ఏడాది అతను కొత్త మాట మొదలుపెట్టాడు. షెడ్డు మూసేసి, ఊరవతల తన గోదాములోకి కూలికి రమ్మన్నాడు. చిన్న పిల్లలున్న వాళ్ళు అంత దూరం ఎలా వెళ్తారు. కొత్త పోర్టల్‌లో మొదటి విడతలోనే దవాఖానా దుప్పట్ల టెండరు ఉంది. దాన్ని సొంత పేరున వేయాలని సత్తెమ్మ నిశ్చయించుకుంది. అది పెట్టెలో పడితేనే షెడ్డుకి ఆశ, పడకపోతే గోదాము.

చిన్న వ్యాపారులకి మా ఆయన వాళ్ళు శిక్షణ పెట్టారు. సత్తెమ్మ ముందు వరసలో కూర్చుంది. వేలిముద్ర లాంటిదని చెప్పి డిజిటల్ సంతకం ఎలా పెట్టాలో చూపించారు. ఆఖరి రోజు దాకా ఆగొద్దని మా ఆయన అందరికీ పదే పదే చెప్పాడు. అందరూ తలలూపారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నాతో అన్నాడు:

"సారా, సత్తెమ్మగారు టెండరు వేస్తారనుకుంటాను. ఇవాళ్టి నుంచి తెరిచే రోజు దాకా ఆవిడ టెండరు గురించి నాతో ఒక్క మాట కూడా అనకు."

"ఏం, నేనేమన్నా ధర చెప్పమన్నానా?"

"అనలేదు. అయినా వద్దు."

ఒళ్ళు మండింది. మన పిల్లని ఎత్తుకు తిప్పిన మనిషి గురించి మన ఇంట్లో మనం మాట్లాడుకోకూడదా అన్నాను. మాట్లాడుకోకూడదన్నాడు. రెండు రోజులు నేనూ ఆయనతో అసలేమీ మాట్లాడలేదు. ఆయనకది తెలిసినట్టు కూడా లేదు, పెరుగు బాగా తోడుకుందని మెచ్చుకున్నాడు.

ఆఖరి రోజు గురువారం వచ్చింది. గడువు మధ్యాహ్నం మూడున్నర. ఆ టైము పెట్టింది మా ఆయనే, అందరికీ భోజనాలయ్యాక తీరిగ్గా ఉంటుందని. నాకు వారపు సెలవు. ఇద్దరం ఒకే రైలెక్కాం. ఆయన హైటెక్ సిటీలో దిగిపోతూ, నేను ఎక్కడికి వెళ్తున్నానో అడగలేదు. తర్వాతి స్టేషను బోరబండ. ఆయనకి తెలియక కాదు.

నేను వెళ్ళేసరికి షెడ్డులో అంతా సిద్ధం. కాగితాలన్నీ ఎక్కించేశారు, ధర వేసేశారు, సంతకం ఒక్కటే మిగిలింది. నొక్కేయమన్నాను.

"జర ఆగు బిడ్డా. గిప్పుడే నొక్కితే రేటు బయటికి పోతది. మా మామ కాలం నుంచి ఆఖరి గడియకే పెట్టెల ఏసుడు."

"పోదు సత్తెమ్మత్తా. ఆయన తాళాలు వేశాడు. ఆయనకే కనపడదు."

"సారు మంచోడే. కానీ తాళం ఎవలు జూసిండ్రు?"

సరే, ఒంటిగంట దాటాక మళ్ళీ అడిగాను. ఇప్పుడసలు వద్దంది. ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా రాహుకాలమట. గోడ మీది క్యాలెండరు చూపించింది. మూడు కొట్టినంక నొక్కుతానంది. ఇంకా అరగంట ఉంటుంది కదా, ఫికర్ జెయ్యకు అని నాకు చాయ్ పోసింది. అందరూ మిషన్ల మీద చేతులు పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నారు.

మూడు దాటింది. సత్తెమ్మ దేవుడికి దండం పెట్టుకుని నొక్కింది. తెర మీద చక్రం తిరగడం మొదలైంది. కింద నా మాటలే: కాసేపు ఆగండి, మీ పని జరుగుతోంది. ఆగాం. చక్రం తిరుగుతూనే ఉంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. సహాయం నంబరుకి చేస్తే ఎంతకీ దొరకలేదు. ఆ వాక్యం రాసిన నోటిని నేనే తిట్టుకున్నాను. చూస్తుండగానే చక్రం ఆగి, 'గడువు ముగిసింది' అని వచ్చింది.

సత్తెమ్మ ఏడవలేదు. మిషన్ మీదున్న దుప్పటి తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళు ఆమెనే చూస్తున్నారు. నేను ఫోన్ తీసి ఆయనకి చేశాను. రెండుసార్లు మోగి ఆగిపోయింది. కట్ చేశాడు. మళ్ళీ చేయబోతే సత్తెమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు బిడ్డా. నీ పెనిమిటి నౌకరి మీదికి తేకు. మా నసీబు గిట్లున్నది."

ఆ క్షణంలో మా ఆయన మీద వచ్చినంత కోపం నాకెప్పుడూ రాలేదు. అంత గట్టి తలుపు ఎవరు కట్టమన్నారు ఈయన్ని అనుకున్నాను.

అక్కడ ఆఫీసులో ఏం జరిగిందో నాకు రసజ్ఞ చెప్పింది. సహాయం ఫోన్లు ఎత్తేవాళ్ళకి ఆ అమ్మాయే పెద్ద. ఢిల్లీ నుంచి వచ్చిన అధికారిణి, కంపెనీ పెద్దలు పెద్ద తెర ముందు నిలబడ్డారట. తలుపు చెప్పిన సమయానికి పడింది. చప్పట్లు కొట్టారు. కేకు డబ్బా విప్పారు. అప్పుడు రసజ్ఞ లోపలికి వెళ్ళి, సార్, ఫోన్లు ఆగట్లేదు, లోపలికి రాలేకపోయామంటున్నారు అని చెప్పింది.

మా ఆయన తెర మీద ఆ రోజు రాకపోకల గీత వేయించాడు. పొద్దుటి నుంచి నేల మీద పాకుతూ వచ్చి, మూడు కాగానే గోడలా నిలువుగా లేచింది. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. ప్రాజెక్టు పెద్ద ఉదయ్ భాస్కర్‌కి అర్థమైంది. అతను తల పట్టుకున్నాడు.

"గురువారం సార్. రాహుకాలం. మూడింటి దాకా ఒక్కడూ నొక్కడు."

తెల్లాపూర్‌లో కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి నిమిషాలతో సహా ముహూర్తం చూసుకున్నవాడు ఉదయ్. కారు తాళాలు తీసుకోడానికి కూడా దుర్ముహూర్తం దాటేదాకా షోరూమ్‌లో కూర్చున్న పిల్లలున్నారు ఆ జట్టులో. ఒక్కరికీ టెండరుకి కూడా జనం అలాగే ఆగుతారని తోచలేదు. కంప్యూటరు ముందు కూర్చోగానే ఇంటి సంగతులు గుమ్మం బయట వదిలేశారు. మా ఆయనకైతే క్యాలెండర్లో ఆ గళ్ళు ఉంటాయనే తెలియదు, మా ఇంట్లోది చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండరు.

"పోర్టల్ పడిపోలేదండి. నెమ్మదించింది, అంతే" అన్నాడు ఉదయ్. "సగం మంది వేయగలిగారు. ఆఖరి దాకా ఆగొద్దని మనం శిక్షణలో చెప్పాం. తప్పు వాళ్ళదే అని రాద్దాం. మొదటి రోజే గడువు పెంచితే, పేరు పెట్టి మరీ పెంచితే, రెండో విడత మనకి ఇస్తారా?"

మా ఆయన తెర మీది గీతని ఇంకోసారి చూశాడట. తర్వాత అన్నాడు:

"వాళ్ళు గడువు లోపలే వచ్చారండి. గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. గుమ్మం ఇరుకుగా కట్టింది నేను."

ఉదయ్ ఇంకేదో చెప్పబోతే ఆపి, అధికారిణి వైపు తిరిగాడు. "ఇంకొకటి మేడం. నాకు బాగా కావలసిన ఆవిడ ఒకరు ఈ టెండరు వేస్తుండొచ్చు. వేయగలిగారో లేదో నాకు తెలియదు. మా ఇంటావిడ ఇందాక ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. కాబట్టి గడువు పెంచాలా వద్దా అన్నది నేను చెప్పకూడదు. తప్పు ఎవరిదన్నది మాత్రం నేను రాసిస్తాను. పెంచితే అది పెట్టండి, పెంచకపోతే మీ ఇష్టం."

రాసిచ్చి, బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడట. కేకు ఎవరూ కోయలేదు. లోపల చాలాసేపు వాదన జరిగిందని రసజ్ఞ చెప్పింది. చివరికి అధికారిణి ఆ కాగితం తీసుకుని, అందరికీ పెంచండి, ఆయన రాసింది ఒక్క అక్షరం కూడా మార్చకుండా పెట్టండి అందట.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి, ఎందుకు ఫోన్ చేశావని అడగలేదు. నేనూ చెప్పలేదు. అన్నం తిని పడుకున్నాడు. గడువు పెరిగిన సంగతి నాకు సత్తెమ్మ ఫోన్ చేసి చెబితే తెలిసింది.

మర్నాడు నాకు మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున్నే బోరబండ వెళ్ళాను. గడువు సాయంత్రం ఐదింటి దాకా ఉంది. సత్తెమ్మ అద్దాలు పెట్టుకుని, తెర మీద వేలు ఆనించి ఒక్కో మాటా చదువుతోంది. 'నిన్న చివరి అరగంటలో వచ్చిన టెండర్లను పోర్టల్ అందుకోలేకపోయింది. ఎంతమంది ఒకేసారి వస్తారో అంచనా వేయడంలో పొరపాటు నాది. మీది కాదు. జ్ఞానప్రకాశం.' చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

తర్వాత కుర్చీ ముందుకి లాక్కుని సంతకం పెట్టడానికి సిద్ధమైంది. గడియారం చూస్తే పదకొండు. గోడ మీది క్యాలెండరు నేనే చూశాను. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు.

"సత్తెమ్మత్తా, రాహుకాలం."

"ఎరుకే బిడ్డా. అందరు పన్నెండు దాకా ఆగుతరు. గిప్పుడైతే తొవ్వ ఖాళీగుంటది."

షెడ్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "మరి రేటు బయటికి పోతుందన్నావు కదా నిన్న? సాయంత్రం దాకా చాలా టైముంది" అన్నాను.

సత్తెమ్మ నవ్వలేదు. "తప్పు నాదని దేశమంతట జూసేటట్టు పేరు రాసుకున్నడు గా సారు. గసువంటోడు దొంగచాటుగ తాళం తియ్యడు" అంది, నొక్కింది. చక్రం ఒక్కసారి తిరిగి ఆగిపోయింది. మీ టెండరు అందింది అని వచ్చింది.

ఆ మాట ఆయనకి చెప్పాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. చెప్పకూడదు. తెరిచే రోజు దాకా ఒక్క మాట కూడా అనకూడదు.

ఆ రోజుల్లోనే ఆయనకి ఈ మాట అవసరమైంది. రెండో విడత కంపెనీకే వచ్చింది గానీ, జట్టు పెద్దగా ఇంకొకర్ని పెట్టారు. ఆయనకి పాత కాగితాలు సర్దే పని ఇచ్చారు. ఏమండీ, అడగొచ్చు కదా అంటే, వాళ్ళ భయం వాళ్ళది అన్నాడు. ల్యాప్‌టాప్ వంటింట్లోకి తేవడం మానేశాడు. ఆదివారం ఆరాధనలో పాట కూడా పెదవులతోనే పాడాడు. చేతిలో మందు పెట్టుకుని రోగికి వేయకుండా నిలబడ్డట్టుంది నా బతుకు. రెండుమూడు సార్లు నోటి దాకా వచ్చింది. ఇంత నిష్ఠ పెట్టుకున్న మనిషి ముందు నేను తప్పితే ఏం మర్యాద అని మింగేశాను.

టెండర్లు తెరిచిన రోజు ఆయన త్వరగా ఇంటికి వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"సారా, తెరిచారు. సత్తెమ్మగారి పేరుంది. రెండు దవాఖానాల దుప్పట్లు వాళ్ళకే వచ్చాయి."

"అయితే ఇంక మాట్లాడొచ్చా?"

"మాట్లాడొచ్చు."

స్టవ్ కట్టేశాను. గురువారం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఫోన్ ఎందుకు చేశానో, సత్తెమ్మ నా చెయ్యి ఎలా పట్టుకుందో, ఆయన మీద నాకెంత కోపం వచ్చిందో కూడా చెప్పాను. శుక్రవారం పదకొండింటికి నొక్కిందంటే నమ్మలేదు.

"రాహుకాలంలోనా?"

"రాహుకాలంలోనే. సాయంత్రం దాకా గడువుండగానే."

"ఎందుకట?"

సత్తెమ్మ అన్నది అన్నట్టే, ఆమె యాసలోనే చెప్పాను. ఆయన పీట మీది కూరగాయల బుట్ట పక్కకి జరిపి ఆ పీట మీదే కూర్చున్నాడు. కళ్ళజోడు తీశాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"ఏమంది, మళ్ళీ చెప్పు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను.